చారు మాస్టారి బొగ్గు

బెజవాడలో మా కాలేజీలో బాలశౌరిని అందరూ చారు మాస్టారు అనేవాళ్లు. ఆయనకీ వంటకీ ఏ సంబంధమూ లేదు. కెమిస్ట్రీ లాబ్‌లో పిల్లలకు ప్రయోగాలు చేయించే డిమాన్‌స్ట్రేటరుగా పనిచేస్తూ, డాక్టరేటు కోసం సింగరేణి బొగ్గు మీద పరిశోధన చేస్తుండేవాడు. బొగ్గును గాలి తగలనీయకుండా వేడి చేస్తే అందులోని పొగా, తారూ, గ్యాసూ అన్నీ వెళ్లిపోయి చివరికి నల్లటి గుల్ల ఒకటి మిగులుతుంది. దాన్ని వాళ్లు చార్ అంటారు. ఆ మాట మా అటెండరు బసవపున్నయ్య చెవిన పడింది. "బాలశౌరిగారు పొద్దుటినుంచీ చారు కాస్తన్నారండీ, ఇంకా తెర్లలేదంట" అని స్టాఫ్ రూములో చెప్పాడు. అంతే, పేరు స్థిరపడిపోయింది. బాలశౌరి కోపగించుకోలేదు. ఆయనకు అంత ఓపిక ఎప్పుడూ ఉండేది కాదు.

నేను అక్కడే తెలుగు చెప్పేవాణ్ణి. ఇద్దరి ఇళ్లూ పటమటలోనే కాబట్టి ఒకే సిటీ బస్సులో వెళ్లి ఒకే బస్సులో వచ్చేవాళ్లం. సన్నటి మనిషి, కాస్త వంగిన నడక. చొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ నల్లటి మరక. సీటు దొరికితే కూర్చున్న నిమిషానికే కళ్లు మూతలు పడేవి. బెంజి సర్కిల్ దాటాక నేనే భుజం తట్టి లేపేవాణ్ణి.

ఆయనది చల్లపల్లి దగ్గర పల్లె. తల్లీ తండ్రీ ఎస్టేటు పొలాల్లో కూలి చేసినవాళ్లు. కుర్రాడు చదువుతున్నాడని ఫాదర్లు బోర్డింగులో చేర్చుకున్నారు. అక్కడినుంచి ఒక్కో మెట్టే ఎక్కి ఎమ్మెస్సీ దాకా వచ్చాడు. వాళ్ల పేటలో అంతదాకా చదివినవాడు ఆయనే. ఉద్యోగం వచ్చాక తల్లి సంపూర్ణమ్మ గారిని తెచ్చి పటమటలో తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆవిడకు పొలం లేని ఊళ్లో పొద్దు గడిచేది కాదు. రెండేళ్లుండి, జబ్బు చేసి పోయింది. భార్య తెరేసమ్మ గారు ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. పిల్లలు లేరు. ఆ సంగతి వాళ్లు ఎత్తేవాళ్లు కాదు, నేనూ అడగలేదు.

పరిశోధన అంటే ఏం చేస్తారో నాకు తెలిసేది కాదు. ఒకరోజు నేనే అడిగితే లాబ్‌కి తీసుకెళ్లాడు. గోడవారగా ఒక కరెంటు కొలిమి ఉంది, ఫర్నేసు అంటారు. బల్ల మీద మూడు గాజు మూతల కింద మూడు రకాల నల్లటి ముక్కలు పెట్టి ఉన్నాయి.

"ముట్టుకుని చూడండి మాస్టారూ" అన్నాడు.

మొదటిది తక్కువ వేడి చూసినది. వేలికి మసి అంటింది. అగ్గిపుల్ల దగ్గర పెడితే కాసేపటికే అంచు ఎర్రబడింది, పొగ మాత్రం రాలేదు. రెండోది ఇంకా వేడి మీద, కాస్త ఆవిరి తగలనిచ్చి చేసింది. తేలిగ్గా ఉంది. దాన్ని నలిపి, సిరా కలిపిన నీళ్లలో వేసి కుదిపి వడగడితే నీళ్లు తెల్లగా దిగాయి. దానిలో కంటికి కనపడని బెజ్జాలు కోట్లకొద్దీ ఉంటాయనీ, రంగూ వాసనా వాటిలోకి వెళ్లి అతుక్కుంటాయనీ చెప్పాడు. మూడోది కొలిమి ఎంత ఇవ్వగలదో అంత వేడీ చూసింది. బల్ల మీద వదిలితే రేకు ముక్కలా మోగింది. సిరా నీళ్లలో వేస్తే ఏమీ మారలేదు. అగ్గిపుల్లలు ఎన్ని గీసినా అంటుకోలేదు. కానీ టార్చి బ్యాటరీకీ బల్బుకీ మధ్య తీగలు పెట్టి అది అడ్డంగా ఉంచితే బల్బు వెలిగింది.

"మూడూ ఒకే రాయి లోంచి కొట్టిన ముక్కలండీ. వేడి ఒక్కటే తేడా. వేడి పెరిగేకొద్దీ లోపల చిందరవందరగా ఉన్న పొరలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి. దాంతో బెజ్జాలు మూసుకుపోతాయి, కరెంటుకు మాత్రం దారి ఏర్పడుతుంది. ఎంత వేడి దగ్గర ఏది మొదలవుతుందో, ఎంతసేపు ఉంచితే ఎంత మారుతుందో కొలవాలి. నా పనల్లా అదే."

"మరీ ఎక్కువ కాలిపోతే మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చా?"

"రాదండీ. ఇంకో ముక్క తీసుకుని మొదటినుంచీ చేసుకోవాల్సిందే."

చెప్పేటప్పుడు ఆయన మొహంలో నిద్ర లేదు. నేను ఆయన్ని అంత హుషారుగా చూసింది తక్కువ.

ఆ తర్వాత మూడేళ్లూ ఆయనకు ఏదీ కలిసిరాలేదు. ముందు కరెంటు కోత వచ్చింది. కొలిమిని నెమ్మదిగా వేడెక్కించి, అనుకున్న చోట గంటల తరబడి నిలపాలి. మధ్యలో కరెంటు పోతే కొలిమి చల్లారిపోతుంది. మళ్లీ వేడెక్కిస్తే ఆ ముక్క రెండుసార్లు వేడి చూసినదవుతుంది, కొలతకు పనికిరాదు. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పేవాళ్లు కాదు. సాయంత్రం బస్సులో నేను "ఇవాళేమైంది?" అని అడిగితే, "పోయిందండీ" అనేవాడు. పోయింది కరెంటో ముక్కో అడగాల్సిన పని లేదు, రెండూ ఒకటే.

డెబ్భై రెండు చివర్లో ప్రత్యేకాంధ్ర గొడవలు మొదలై కాలేజీలు మూతపడ్డాయి. నెలలు గడిచాయి. లాబ్ తాళం ప్రిన్సిపాలు దగ్గర. బయట కర్ఫ్యూ. ఆ రోజుల్లో బాలశౌరి ఇంటి అరుగు మీద కూర్చుని, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. కాలేజీ తెరిచేసరికి కొలిమిలో తీగ తుప్పు పట్టి తెగిపోయింది. కొత్త తీగ తెప్పించుకునేసరికి, ఆయనకు గైడుగా ఉన్న వెంకటసుబ్బారావు గారు యూనివర్సిటీలో రిటైరైపోయారు. ఆ స్థానంలోకి వచ్చిన ఆయన వీడ్కోలు చెప్పినంత మర్యాదగా మాట్లాడాడట.

"ఇదంతా పోలండు వాళ్లు చేసేశారు బాలశౌరిగారూ. మీరు వేరే టాపిక్ చూసుకోండి. మళ్లీ రిజిస్టరు చేయించుకుంటే సరిపోతుంది."

ఆ మాటలు నాకు చెబుతూ బాలశౌరి నవ్వాడు. "వాళ్లు చేసింది వాళ్ల బొగ్గు మీదండీ. మన బొగ్గు వేరు. ఆ మాట ఆయనకు చెప్పాలనే అనుకున్నాను. తీరా గదిలోకి వెళ్లాక, ఎందుకులే అనిపించింది."

మళ్లీ రిజిస్టరు చేయించుకోలేదు.

డెబ్భై ఆరులో ఒకరోజు వన్ టౌన్ బట్టల వ్యాపారి చౌడయ్య ప్రిన్సిపాలుని వెతుక్కుంటూ వచ్చాడు. చేనేత కుటుంబం వాళ్లది. మగ్గాలు తగ్గించుకుని, ఊరి చివర నూలు అద్దకం షెడ్డు పెట్టుకున్నాడు. ఆ రంగు నీళ్లు భూమిలోకి దిగి చుట్టుపక్కల బావులు ఎర్రబడుతున్నాయని జనం గొడవ చేస్తున్నారు. ఏమైనా ఉపాయం ఉందా అని అడిగాడు. ప్రిన్సిపాలు చారు మాస్టారిని పిలిపించాడు.

ఆ కొన్ని నెలలూ బాలశౌరి మళ్లీ మనిషయ్యాడు. ఆటోనగర్లో తెలిసిన ఫౌండ్రీ ఒకటి చూసుకుని, మూత బిగించిన ఇనప డ్రమ్ముల్లో బొగ్గు నింపి కొలిమిలో పెట్టించేవాడు. లాబ్‌లో చెంచాడు చేయడం వేరు, డ్రమ్ముల లెక్కన చేయడం వేరు. మొదటి డ్రమ్ములకు వేడి చాలక చార్ మెత్తగా వచ్చింది. తర్వాత ఫౌండ్రీ వాళ్లు బ్లోయరు పెంచి వదిలేస్తే రాళ్లలా తయారైంది. ఆఖరికి కుదిరింది. ఇసకా చారూ పొరలుగా పోసిన సిమెంటు తొట్లలోంచి ఎర్ర నీళ్లు పోస్తే తెల్లగా దిగాయి. చౌడయ్య దోసిలితో నీళ్లు పట్టి చూసుకుని ఎంతో మెచ్చుకున్నాడు.

కానీ ఆ బెజ్జాలు నిండిపోతాయి. నాలుగు రోజులకోసారి తొట్టి ఖాళీ చేసి కొత్త చార్ వెయ్యాలి, పాతది తీసుకెళ్లి మళ్లీ కాల్చాలి. చౌడయ్య రెండు నెలలు చేయించాడు.

"మీ మందు మంచిదేనండీ మాస్టారూ" అన్నాడు చివరికి. "కాకపోతే దీనికి రోజూ సేవ చేసే మనిషి కావాలి. నాకు అద్దకం చేసేవాళ్లే దొరకట్లేదు."

షెడ్డు నుంచి మురుక్కాలవలోకి ఒక గొట్టం వేయించుకున్నాడు. మిగిలిన చార్ గోతాలు తోపుడుబండి మీద బాలశౌరి ఇంటికి చేరాయి. మెత్తవీ, కుదిరినవీ, రాళ్లైనవీ విడివిడిగా కట్టి వరండా నిండా పేర్చాడు. తెరేసమ్మ గారు ఆసుపత్రినుంచి తెల్లచీరలో వచ్చేది, ఆ గోతాల మధ్య పక్కకు తిరిగి నడిచేది.

"అన్నయ్యగారూ, మీరన్నా చెప్పండి" అంది నాతో ఒకసారి. "వీటిని ఎవరికన్నా ఇచ్చేయమంటే ఇవ్వరు, పారేయమంటే పారేయరు. ఏం చేస్తారంటే మాట్లాడరు."

బాలశౌరి వంగి ఒక గోతం మూతి మళ్లీ బిగించి కట్టాడు.

డెబ్భై ఏడు నవంబరులో తుఫాను వచ్చింది. బెజవాడలో మాకు గాలే తెలిసింది. రేకులు లేచిపోయాయి, చెట్లు పడ్డాయి. దివిసీమ మీదికి సముద్రం వచ్చిందన్న సంగతి రెండు రోజుల తర్వాత గానీ సరిగ్గా తెలియలేదు. తెరేసమ్మ గారి ఆసుపత్రి వాళ్లు మందులతో ఒక జట్టును పంపుతున్నారు. ఆవిడ వెళ్తానంది. మా కాలేజీలో పోగుచేసిన బట్టలు చేర్చే పని నాకు అప్పగించారు. బయల్దేరే ముందు లారీ దగ్గరికి వెళ్తే, బాలశౌరి అప్పటికే తన గోతాలు ఎక్కిస్తున్నాడు.

"అక్కడ బావులన్నీ పాడై ఉంటాయండీ" అన్నాడు. "ఇది నీళ్లకే కదా చేసింది."

చల్లపల్లి దాటాక దారి లేదు. పడిపోయిన తాటిచెట్లను పక్కకు లాగుతూ, బురదలో లారీని తోస్తూ వెళ్లాం. ఆ దారి ఆయన చిన్నప్పుడు నడిచిన దారే. ఎక్కడ ఏ ఊరుండాలో చెప్పబోయి ఊరుకున్నాడు. మేం ఆగిన పల్లె పేరు రాయను. ఆ రోజుల్లో అక్కడ ఏ పల్లె చూసినా ఒకలాగే ఉంది. కోతకొచ్చిన వరి బురదలో కూరుకుపోయి కుళ్లుతోంది. తుమ్మకంపల మీద చీరలు వేలాడుతున్నాయి. ఒక బడి కట్టడం మాత్రం నిలబడి ఉంటే, మిగిలినవాళ్లంతా అందులో ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది.

బడి వెనక ఒక బావి. అందులోంచి రెండు గేదెల్ని తీసేశారనీ, హెల్తు వాళ్లు వచ్చి బ్లీచింగ్ పౌడరు చల్లి వెళ్లారనీ చెప్పారు. చేద వేసి చూస్తే నీళ్లు పచ్చగా ఉన్నాయి. ఒకవైపు కుళ్లు వాసన, దానిమీద బ్లీచింగ్ ఘాటు. చిన్నపిల్లలు నోట పెట్టుకోలేకపోతున్నారు. ట్యాంకరు రోజు విడిచి రోజు మెయిన్ రోడ్డు దాకా వస్తుందట. అంత దూరం బురదలో వెళ్లి బిందె మోసుకు రావాలి.

బాలశౌరి అడుగున బొక్కలు పెట్టిన కుండలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టాడు. ఒకదాంట్లో ఇసక, ఒకదాంట్లో కుదిరిన చార్ నలిపిన పొడి, మళ్లీ ఇసక. పైన బావినీళ్లు పోశాడు. కింది కుండలోకి ధార సన్నగా దిగింది. పట్టి చూస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి. వాసన లేదు.

జనం చుట్టూ చేరారు. పున్నమ్మ అనే ఆవిడ ముందుకొచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో, భర్తా అత్తా ఉప్పెనలోనే పోయారట. ఉన్న ఒక్క కూతుర్నీ చంకనేసుకుని ఉంది. దోసిలి పట్టి తాగి, పెదవులు తుడుచుకుంది.

"వాసన లేదయ్యా. ఉప్పు మాత్రం అట్టాగే ఉంది."

"ఉప్పు దీనికి చిక్కదమ్మా" అన్నాడు బాలశౌరి. "వాసనా రంగూ అయితే పట్టుకుంటుంది."

"పోనీలే బాబూ. వాసన పోయింది, అదే చాలు" అని కూతురికి తాగించింది. ఆ సాయంత్రం దాకా కుండల దగ్గర జనం వరస కట్టారు. బాలశౌరి నీళ్లు తోడుతూనే ఉన్నాడు. బట్టలు పంచి వచ్చి చూస్తే, చొక్కా వెనకంతా తడిసి, కళ్లు మెరుస్తూ ఉన్నాడు. తాను చేసినది ఒకరి నోటికి చేరడం ఆయన చూడటం అదే మొదటిసారి.

తెరేసమ్మ గారి జట్టు పక్క పల్లెలో ఉంది. రెండో రోజు మధ్యాహ్నం మా పల్లెకి వచ్చింది. బడి వరండాలో ముగ్గురు పిల్లలకు అప్పటికే విరేచనాలు. పున్నమ్మ కూతురు వాళ్లలో ఒకతె. తెరేసమ్మ గారు పిల్లల్ని చూసి, ఏం తాగారని అడిగి, నేరుగా కుండల దగ్గరికి వచ్చింది. కింది కుండలోంచి గ్లాసుతో ముంచి వాసన చూసింది.

"బావిలో బ్లీచింగ్ వేశారన్నారే?"

"వేశారు" అన్నాడు బాలశౌరి.

"దీంట్లో బ్లీచింగ్ వాసన లేదేంటండీ?"

"చార్ పీల్చేసుకుంటుంది కదా. కుళ్లు వాసనతో పాటు అదీ..." అని ఆగిపోయాడు.

"అంటే మందు కూడా పోయినట్టేగా?"

ఆవిడ గొంతు పెంచలేదు గానీ, మాట మాత్రం కొట్టినట్టే ఉంది. "పైన ఉన్న కుండలు నిన్నటినుంచీ ఎండలో ఉన్నాయి. అందరి చేతులూ తగులుతున్నాయి. కాపాడే మందేమో లేదు. వాసన ఉంటే భయపడి ట్యాంకరు దాకా వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఎవరూ వెళ్లట్లేదు. వాసన పోతే రోగం పోతుందాండీ?"

బాలశౌరి అక్కడే బురద గట్టు మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చుంటే, నెమ్మదిగా, "క్లోరిన్ని కూడా లాగుతుందని నాకు తెలుసు మాస్టారూ. పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. నీళ్లు తేటగా దిగేసరికి అది మర్చిపోయాను" అన్నాడు.

తర్వాత లేచి కుండలు దించడం మొదలుపెట్టాడు. జనం ఊరుకోలేదు.

"నిన్న పెట్టి ఇవాళ పీకేస్తారేందయ్యా?" అన్నాడు ఒక ముసలాయన. "మేం మళ్లీ ఆ కంపు తాగాలా?"

"ఇది తాగితే జబ్బు చేస్తది తాతా. నా తప్పే. కాచి తాగాలి."

"దేంతో కాచేది? పుల్ల చూపించు. ఈ ఊళ్లో ఎండిన పుల్ల ఒక్కటి చూపించు!"

ఆ మాట నిజం. తాటి మట్టలు, కొబ్బరి కమ్మలు, ఇళ్ల దూలాలు, అన్నీ ఉప్పునీళ్లలో నాని ఉన్నాయి. పొయ్యి వెలిగిస్తే ఊరంతా పొగే గానీ మంట లేదు. అటుకులూ రొట్టెలూ తిని ఉంటున్నారు. బాలశౌరి చేతిలోని కుండ కింద పెట్టాడు. తర్వాత వరండా చివర పేర్చిన గోతాల దగ్గరికి వెళ్లి, మెత్త చార్ ఉన్న గోతం మూతి విప్పాడు. వేడి చాలక చెడిపోయిందని ఆటోనగర్లో పక్కన పెట్టిన సరుకది.

రాళ్లు పేర్చి, కాస్త కిరసనాయిలు తడిపిన గుడ్డ కింద పెట్టి, ఆ ముక్కలు పోశాడు. గుడ్డ కాలి ఆరేలోపే అంచులు ఎర్రబడ్డాయి. పొగ లేదు. బడిపిల్లల అట్ట ఒకటి తీసుకుని పున్నమ్మ విసరడం మొదలుపెట్టింది. కాసేపట్లో పొయ్యి అంతా నిప్పు. రాళ్లైన చార్ ముక్కలు తెచ్చి ఒక పొయ్యిలో వేస్తే, గుడ్డ మండి ఆరిపోయింది గానీ అవి చల్లగానే ఉన్నాయి. వాటిని తీసి, మండుతున్న నిప్పు మీద పేర్చి, వదలకుండా విసిరితే అప్పుడు మెల్లగా ఎర్రబడ్డాయి. ఒకసారి ఎర్రబడ్డాక మాత్రం బూడిదవకుండా చాలాసేపు నిలిచాయి. అడుగున మెత్తవీ, పైన గట్టివీ వేయడం ఆడవాళ్లు చూసి పట్టేసుకున్నారు.

"కుండల్లో దిగిన నీళ్లు ఎవరూ ముట్టుకోవద్దు" అని తెరేసమ్మ గారు అందరికీ చెప్పింది. "డ్రమ్ములో పోసి తెర్లించాకే. చల్లారినాకే. గ్లాసు ముంచకూడదు, వంచుకోవాలి."

అలా కుండలు మళ్లీ లేచాయి, వాటి పక్కన పొయ్యి. లారీలో వచ్చిన బియ్యం ఆ నీళ్లతోనే గంజి కాచారు. తుఫాను తర్వాత ఆ ఊళ్లో వేడిగా తిన్నది అదే మొదటిసారి. పున్నమ్మ కూతురి నోట్లో చెంచాతో పోస్తూ, "ఉప్పెయ్యక్కర్లా, బావే వేసింది" అంది. ఎవరో నవ్వారు. నవ్వింది ఎవరా అని అందరూ తిరిగి చూశారు.

గోతాలు వారం కూడా రాలేదు. కుదిరిన చార్ కూడా ఆఖరికి పొయ్యిలోకే పోయింది. ఈలోగా దారి బాగుపడి ట్యాంకరు బడి దాకా రావడం మొదలైంది. పున్నమ్మ కూతురూ, మిగతా ఇద్దరు పిల్లలూ కోలుకున్నారు. తర్వాత అదే జబ్బు పడిన ఇద్దరు ముసలివాళ్లు మాత్రం పోయారు. వాళ్లకు జబ్బు తెచ్చింది కుండ నీళ్లో, అంతకు ముందే తాగిన బావి నీళ్లో ఎవరూ చెప్పలేరు. తెరేసమ్మ గారు ఆ మాటే ఆయనకు చెప్పింది. ఆయన తల ఊపాడు. నమ్మినట్టు నాకనిపించలేదు.

తిరుగు లారీలో ఖాళీ గోతాల మీద ముగ్గురం కూర్చున్నాం. తెరేసమ్మ గారు ఆయన భుజానికి ఆనుకుని నిద్రపోయింది. ఆయన మేలుకునే ఉన్నాడు. ఉయ్యూరు దాటాక అన్నాడు.

"ఆ మెత్త చార్ ఎందుకంత తొందరగా అంటుకుంటుందో నేను ఒక చాప్టరంతా రాశాను మాస్టారూ. వంట చేసుకోవచ్చన్న ముక్క ఎక్కడా రాయలేదు."

"ఇప్పుడు రాయొచ్చుగా?"

"ఎవరికండీ? వాళ్లకు తెలిసిపోయిందిగా."

మళ్లీ ఆ పని జోలికి ఆయన వెళ్లలేదు. కాలేజీలో ఎవరైనా దివిసీమ గురించి పొగడబోతే, "మా ఆవిడ వచ్చింది కాబట్టి సరిపోయిందండీ" అని లేచి వెళ్లిపోయేవాడు. పైకి అనకపోయినా ఆ ఇద్దరు ముసలివాళ్లు ఆయన్ని వదల్లేదనుకుంటాను. ఆదివారాలు చర్చిలో పూజ అయ్యాక జనమంతా వెళ్లినా ఆయన ఇంకాసేపు మోకాళ్ల మీదే ఉండిపోయేవాడని తెరేసమ్మ గారు చెప్పింది. పటమటలో వాళ్ల వరండా ఖాళీ అయింది. ఆవిడ అక్కడ రెండు కుర్చీలు వేయించింది. సాయంత్రాలు వాళ్లు వాటిలో కూర్చుని వీధి చూస్తుండేవాళ్లు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. నేను వెళితే ఆవిడ కాఫీకి లేచేది, నేను ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆయనా నేనూ కూడా పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

డెబ్భై తొమ్మిదిలో పాత లెక్చరరు ఒకాయన రిటైరైతే, సీనియారిటీ మీద బాలశౌరికి ప్రమోషన్ వచ్చింది. డిమాన్‌స్ట్రేటరుగా పదమూడేళ్లు చేశాక. స్టాఫ్ రూములో లడ్లు పంచారు. బసవపున్నయ్య కొత్త కుర్చీ తుడిచి వేశాడు. డిగ్రీ ఫస్టియరుకి మొదటి క్లాసు. బెల్లు కొట్టగానే ఇస్త్రీ చొక్కా సర్దుకుని, సుద్దముక్క తీసుకుని వెళ్లాడు.

గంట తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతులనిండా సుద్ద.

"ఎలా జరిగింది?" అని అడిగాను.

"బాగానే జరిగిందండీ. నూట ఇరవై మంది ఉన్నారు. వెనక బెంచీలో ఇద్దరు నిద్రపోయారు."

"లేపలేదా?"

"పాపం, ఏ పల్లెనుంచి వస్తున్నారో. పొద్దున్నే బస్సెక్కి ఉంటారు" అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఇంకో అరగంటకు ఆయనకు మళ్లీ క్లాసుంది. నేను చప్పుడు చేయకుండా లేచి, కిటికీ రెక్క దగ్గరికి వేసి, ఎండ ఆయన మొహం మీద పడకుండా చూశాను.